గొంతు వెనక్కి జరిగిన రాక్, ఇండీ ఆల్బమ్‌లు: మీకు ఇష్టమైనవి పంచుకోండి

రెండోవైపు:

మిత్రులకు నమస్కారం. మనం వింటూ పెరిగిన సినిమా పాటల్లో గాయకుడి గొంతే అన్నిటికంటే ముందుంటుంది. వయొలిన్లూ, తబలా, గిటారూ దాని వెనుక సర్దుకుంటాయి. వాయిద్యాల హోరులో సాహిత్యం వినబడటం లేదన్నది మన ఇళ్లలో ప్రతి తరమూ తన తర్వాతి తరం పాటల మీద చేసే ఫిర్యాదు. మాటలు వినబడాలనే రాసిన పాటల విషయంలో అది న్యాయమైన ఫిర్యాదే. కానీ నాకు ప్రాణప్రదమైన రాక్, ఇండీ (పెద్ద కంపెనీలకు బయట స్వతంత్రంగా చేసే సంగీతం) ఆల్బమ్‌లను ఒకచోట పేర్చుకుని చూస్తే, వాటిలో చాలావాటిలో గొంతును కావాలనే వెనక్కి జరిపారని, వాటి అందంలో ఎక్కువ పాలు ఆ నిర్ణయానిదేనని అనిపిస్తుంది. అలాంటి ఆల్బమ్‌ల గురించే ఈ చర్చ. పేరు చెప్పి ఊరుకోకుండా, అందులో ఏం వినాలో కూడా రాయవలసిందిగా మనవి.

నా మొదటి ఎంపిక మై బ్లడీ వాలెంటైన్ బృందం 'లవ్‌లెస్'. క్రియేషన్ రికార్డ్స్ దీన్ని 1991 నవంబరులో విడుదల చేసింది. 1989 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, 19 స్టూడియోలు మారి, 1991 సెప్టెంబరుకు గానీ పూర్తి చేయలేకపోయారు. కెవిన్ షీల్డ్స్ గిటార్‌కుండే ట్రెమొలో కడ్డీని చేతిలోంచి వదలకుండానే తీగలు మీటుతాడు. అందువల్ల ప్రతి కార్డూ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) శ్రుతికి కాస్త అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. బిలిండా బుచర్ గొంతు ఆ గిటార్ల పైన ఉండదు, వాటి లోపల ఎక్కడో ఉంటుంది. అప్పుడే నిద్రపోయిన తనను తెల్లవారుతుండగా లేపి పాడించేవారని ఆమే చెప్పింది. ఆ మగత పాటలో స్పష్టంగా తెలుస్తుంది. మొదటి పాట 'ఓన్లీ షాలో'లో నాలుగు డ్రమ్ దెబ్బల తర్వాత గిటార్లు ఒక్కసారిగా ముంచెత్తుతాయి. అవి కాస్త తగ్గిన చోట ఆమె గొంతు మొదలవుతుంది, కానీ ఒక్క వాక్యం కూడా పూర్తిగా పట్టుబడదు. పట్టుబడకపోయినా ఆ రాగం మాత్రం రోజంతా మనసులో తిరుగుతూనే ఉంటుంది.

రెండోది టాక్ టాక్ బృందం 1988లో తెచ్చిన 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్'. అంతకు నాలుగేళ్ల ముందు 'ఇట్స్ మై లైఫ్' వంటి హుషారైన సింథసైజర్ పాటలతో పేరు తెచ్చుకున్న బృందం, లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో దీపాలు ఆర్పేసుకుని నెలల తరబడి ఈ ఆల్బమ్ మీద పనిచేసింది. ఎందరో వాద్యకారులను పిలిచి, వాళ్లకు తోచినట్టు వాయించమని, ఆ వాయించిన దాంట్లోంచి కొన్ని తునకలు మాత్రం ఏరి కూర్చారు. తొలి పాటలో రెండు నిమిషాలు దాటినా మార్క్ హాలిస్ గొంతు వినబడదు. వచ్చాక కూడా కొన్ని మాటలు పెదవి దాటకుండానే ఆగిపోయినట్టుంటాయి. 1991లో 'లాఫింగ్ స్టాక్', 1998లో తన పేరుతోనే ఒక సోలో ఆల్బమ్ తెచ్చి ఆయన సంగీత రంగం నుంచి తప్పుకున్నారు, 2019లో కన్నుమూశారు. ఈ మూడింటినీ వరసగా వింటే, ఒక గాయకుడు తన గొంతును ఎంత పొదుపుగా వాడుకోవచ్చో తెలుస్తుంది.

కచేరీ:

రెండోవైపు గారూ, మీరు చెప్పిన రెండూ విన్నాను. రెండోదాని మీద నాకు గౌరవం ఉంది. మొదటిది మాత్రం నాకు ఒక గోడలా అనిపించింది. గాయని ఉన్నప్పుడు ఆమె ఏం పాడుతోందో శ్రోతకు తెలియాలన్నది చాదస్తం అని నేను అనుకోవడం లేదు. మాట పట్టుబడకపోతే ఆ గొంతు మరో వాద్యం అవుతుంది, అంతే. వాద్యాలకు మనకు కొదవ లేదు.

రాక్ హోరులో కూడా గొంతును నిలబెట్టవచ్చని చెప్పడానికి బెంగళూరు బృందం అగమ్‌ను గుర్తు చేస్తాను. 2017లో వచ్చిన 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' ఆల్బమ్‌లో వాళ్లు త్యాగరాజస్వామి 'మనవ్యాలకించరాదటే' కీర్తనను ఎత్తుకున్నారు. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు, కోరస్ అన్నీ కలిసి ఉధృతంగా సాగుతున్నా, హరీష్ శివరామకృష్ణన్ గొంతులో నళినకాంతి రాగ సంచారాలు ఒక్కటి కూడా చెదరవు, మన భాషలోని మాట ఒక్కటి కూడా జారిపోదు. మన హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ సంగతీ అంతే. 'ఊరెళ్ళిపోతా మామా'లో రామ్ మిరియాల గొంతును ఎక్కడా కప్పేయలేదు కాబట్టే ఆ పాట అంతమంది నోళ్లలో నానింది. తెలుగు శ్రోతకు సాహిత్యం కావాలి, అందులో తప్పేమీ లేదు.

స్నేర్‌డ్రమ్:

కచేరీ గారి అభ్యంతరం కొత్తది కాదు, అమెరికాలో అతి పెద్ద రాక్ బృందానికే ఒకప్పుడు ఇదే ప్రశ్న ఎదురైంది. నిర్వాణా బృందం 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటా రాష్ట్రంలోని పాకిడెర్మ్ స్టూడియోలో, స్టీవ్ ఆల్బీని అనే ఇంజనీరు చేత 'ఇన్ యుటెరో' రికార్డు చేయించుకుంది. ఆల్బీని తనను ప్రొడ్యూసర్ (ఆల్బమ్‌కు రూపం ఇచ్చే వ్యక్తి) అని పిలవనిచ్చేవారు కాదు. అమ్మకాల్లో వాటా కూడా వద్దన్నారు. ప్లంబర్‌కు ఇచ్చినట్టు చేసిన పనికి ఒకేసారి డబ్బు ఇస్తే చాలని, ఆ బృందానికి రాసిన ఉత్తరంలో ముందే చెప్పారు. ఆయన పద్ధతిలో గదిలో డ్రమ్స్ ఎలా మోగాయో అలాగే వినబడతాయి, గొంతు వాటి మధ్య తన చోటు తాను చూసుకోవాలి. అంతా అయ్యాక గొంతూ బేస్ గిటారూ సరిగా పైకి రాలేదన్న అసంతృప్తి బృందంలో మొదలైంది. చివరికి సింగిల్స్‌గా రావలసిన 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' పాటలను స్కాట్ లిట్ అనే ప్రొడ్యూసర్ చేత మళ్లీ మిక్స్ చేయించారు, అంటే గొంతు, వాద్యాల హెచ్చుతగ్గులను కొత్తగా సరిచేయించారు.

ఈ చర్చకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ఆల్బమ్‌కు 20 ఏళ్లు నిండిన సందర్భంగా 2013లో వచ్చిన ప్రత్యేక సంచికలో ఆ రెండు పాటలకూ ఆల్బీని చేసిన అసలు మిక్స్‌లు చేర్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి. లిట్ మిక్స్‌లో కర్ట్ కొబేన్ మన ఎదుట నిలబడి పాడుతున్నాడు. ఆల్బీని మిక్స్‌లో మనం వెళ్లేసరికే ఆ గదిలో పాట జరుగుతోంది. నాకు రెండోదే ఇష్టం. రేడియోకు మొదటిదే తగినదని కూడా ఒప్పుకుంటాను.

అదే స్టూడియోలో, అదే ఇంజనీరుతో, అంతకు రెండు నెలల ముందు పీజే హార్వీ 'రిడ్ ఆఫ్ మీ' రికార్డు చేసింది. శీర్షిక పాటలో మొదట ఆమె గొంతు గుసగుసకు కాస్త పైన ఉంటుంది, వినడానికి మనం వాల్యూమ్ పెంచుతాం, పెంచాక గిటారూ డ్రమ్సూ ఒక్కపెట్టున విరుచుకుపడతాయి. అలా శ్రోతనే ముందుకు వంగేట్టు చేయడం గొంతును తగ్గించడం వల్లే సాధ్యమైంది. 1993 చివర్లో ఆమె ఇంట్లో చేసుకున్న 'ఫోర్ ట్రాక్ డెమోస్' కూడా విడుదలైంది. కచేరీ గారికి అది తప్పక నచ్చుతుందని నా నమ్మకం, ఎందుకంటే అందులో గొంతు చెవి పక్కనే ఉంటుంది.

ఆల్బీని 2024 మే 7న హఠాత్తుగా మరణించారు. ఆయన సొంత బృందం షెల్లాక్ చివరి ఆల్బమ్ 'టు ఆల్ ట్రెయిన్స్' ముందే నిర్ణయించిన ప్రకారం పది రోజుల తర్వాత వచ్చింది. ఆ ఏడాది నేను అత్యధికంగా విన్న రాక్ ఆల్బమ్ అదే.

వాల్తేరువాన:

గొంతు వెనక్కి జరగడం ఒక ఎత్తు, మాటే కరిగిపోవడం మరో ఎత్తు. ఈ రెండో కోవకు చెందినవి మూడు చెబుతాను.

ఆర్.ఈ.ఎం. బృందం 1983లో తెచ్చిన 'మర్మర్'లో మైకేల్ స్టైప్ ఏం పాడుతున్నాడో ఇంగ్లీషు మాతృభాష అయినవారికే అర్థం కాలేదు. స్టూడియోలో అందరికీ కనబడేలా మైకు ముందు నిలబడకుండా, పక్కనున్న మెట్ల దారిలో, చీకట్లో పాడాడు. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా రోలింగ్ స్టోన్ పత్రిక దాన్నే ఎంచుకుంది. 1986లో 'లైఫ్స్ రిచ్ పేజెంట్' దగ్గరికి వచ్చేసరికి డాన్ గేమన్ అనే ప్రొడ్యూసర్ మాటలు స్పష్టంగా పలకమని అతన్ని పోరుపెట్టాడు. ఆ తర్వాత అతని గొంతు ఏడాదికేడాది ముందుకు వచ్చింది. నాకు రెండు దశలూ ఇష్టమే, కానీ 'మర్మర్' విన్నప్పుడు కలిగే కుతూహలం తర్వాతి వాటిలో నాకు దొరకలేదు.

స్కాట్లాండ్ బృందం కాక్టో ట్విన్స్‌లో ఎలిజబెత్ ఫ్రేజర్ మాటలను అర్థం కోసం కాక నాద సౌఖ్యం కోసం ఎంచుకునేది. 1990లో ఫోర్ ఏడీ రికార్డు సంస్థ తెచ్చిన 'హెవెన్ ఆర్ లాస్ వేగస్' వాళ్ల ఆల్బమ్‌లలో అందరికీ త్వరగా నచ్చేది. అప్పటికి ఆమెకు కూతురు పుట్టింది, పాటల్లో మాటలు కూడా అక్కడక్కడ పోల్చుకోగలిగేంత తేటపడ్డాయి.

మూడోది ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ 2002లో తెచ్చిన ఆల్బమ్. దాని పేరు రెండు బ్రాకెట్ గుర్తులు మాత్రమే. ఎనిమిది పాటలు, దేనికీ పేరు పెట్టలేదు. పాత ఈత కొలనును స్టూడియోగా మార్చుకుని రికార్డు చేశారు. యోన్సీ పాడింది ఏ దేశపు భాషా కాదు, తమకు తాము అల్లుకున్న శబ్దాలు. సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో కాగితాలన్నీ ఖాళీగా వదిలేసి, విన్నవారు తమకు తోచిన సాహిత్యం రాసుకోవచ్చన్నారు. సగం దాటేచోట అర నిమిషం పైగా నిశ్శబ్దం ఉంటుంది. ముందున్న నాలుగు పాటలు వెలుగు, తర్వాతి నాలుగు చీకటి. కచేరీ గారూ, రాగాలాపనలో మనం సాహిత్యం అడగం కదా? ఈ ఆల్బమ్‌ను ఆ చెవితో వినమని నా విన్నపం.

కచేరీ:

వాల్తేరువాన గారూ, ఆలాపన పోలిక నాకు పూర్తిగా సమ్మతం కాదు. ఆలాపనలో మాట ఉండదు కాబట్టి మనం మాటను ఆశించం. రాగం అనే మరో పెద్ద నియమం అక్కడ మన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మాట ఉండీ దాన్ని దాచడం వేరు. అయితే మీరు చెప్పిన మూడింటిలో సిగుర్ రోస్ మాటను దాచే కోవలోకి రాదు, అది నిజాయితీగా మాటను పక్కన పెట్టింది. కాబట్టి ఆ ఆల్బమ్ మీద నాకు ఆక్షేపణ లేదు. స్నేర్‌డ్రమ్ గారు సూచించిన 'ఫోర్ ట్రాక్ డెమోస్' వింటున్నాను, చాలా బాగుంది.

లోలకం:

మన దేశపు ఆల్బమ్‌లు ఇంకా రావలసినన్ని రాలేదు కాబట్టి నేను అందుకుంటాను. ఢిల్లీ బృందం ఇండియన్ ఓషన్ మొదట్లో ఎక్కువగా వాద్య సంగీతమే వాయించేది. 2000లో 'కందిసా' వచ్చేనాటికి గొంతుకు చోటు పెరిగింది, కానీ రాజ్యం మాత్రం దానికి అప్పగించలేదు. శీర్షిక పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. ఆ సిరియాక్ భాష వినేవారిలో బహుశా నూటికి ఒక్కరికీ తెలియదు, అయినా కచేరీల్లో జనమంతా దాన్ని గొంతెత్తి పాడేవారు. అదే ఆల్బమ్‌లోని 'మా రేవా' నర్మదా తీరపు జానపద గీతం. బృందంలో బేస్ వాయించే రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవారు, ఆ పాట ఆ దారిలోనే బృందంలోకి వచ్చింది. అషీమ్ చక్రవర్తి ఒకేసారి తబలా వాయిస్తూ పాడేవారు. చేతుల లయ, గొంతు లయ ఒకే ఊపిరిలోంచి వస్తున్నప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నే ఉండదు. 2009 డిసెంబరు 25న ఆయన పోయారు. ఆయన రికార్డింగులతోనే 2010లో '16/330 ఖజూర్ రోడ్' వచ్చింది. కరోల్ బాగ్‌లో వాళ్లు సాధన చేసుకున్న పాత బంగళా చిరునామా అది. అందులోని పాటలను నెలకొకటి చొప్పున ఉచితంగా ఇచ్చారు.

ఇటీవలి వాటిలో అహ్మదాబాద్ నుంచి వచ్చిన యాజ్ వీ కీప్ సెర్చింగ్ బృందం 2017లో తెచ్చిన 'జియా' వినండి. హిందీలో నాలుగు ముక్కలు పాడి గొంతు తప్పుకుంటుంది, తక్కిన కథంతా గిటార్లు నడుపుతాయి. సినిమా పాట తప్ప మరో దారి లేదనుకునే దేశంలో ఇటువంటి బృందాలు ఊరూరా తిరిగి వాయించడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

హడ్సన్‌గట్టు:

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడి తెలుగువారి సంఖ్య మీకు తెలిసిందే, అయితే మా ఇళ్లకు కాస్త దూరంలోని హోబోకెన్ అనే చిన్న ఊరిలో 1984లో మొదలై ఇప్పటికీ ఆల్బమ్‌లు చేస్తున్న యో లా టెంగో గురించి మనవాళ్లలో మాట్లాడేవారు తక్కువ. ఐరా కాప్లన్, జార్జియా హబ్లీ భార్యాభర్తలు, జేమ్స్ మెక్‌న్యూ బేస్ వాయిస్తాడు. 2000లో వచ్చిన 'అండ్ దెన్ నథింగ్ టర్న్‌డ్ ఇట్‌సెల్ఫ్ ఇన్‌సైడ్ అవుట్' ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఏళ్ల తరబడి కలిసి బతికిన దంపతులు రాత్రిపూట పిల్లలు లేవకుండా మాట్లాడుకున్నట్టు ఉంటాయి అందులోని గొంతులు. చివరి పాట 'నైట్ ఫాల్స్ ఆన్ హోబోకెన్' 17 నిమిషాలకు పైగా సాగుతుంది. మాటలు మొదట్లోనే అయిపోతాయి, మిగిలినదంతా వాద్యమే. ఇదే బృందం 2023లో తెచ్చిన 'దిస్ స్టూపిడ్ వరల్డ్'లో గిటార్ చప్పుడు రెట్టింపైంది, గొంతు మాత్రం అప్పటి స్థాయిలోనే ఉంది. హోబోకెన్‌లోని మాక్స్‌వెల్స్ అనే క్లబ్బులో వీళ్లు చాలా ఏళ్లు యూదుల హనుక్కా పండుగ ఎనిమిది రాత్రులూ వాయించేవారు. ఆ క్లబ్బు 2013లో మూతపడింది, ఆ ఆచారం తర్వాత న్యూయార్క్‌కు మారి కొనసాగుతోంది.

ఒక ప్రశ్న. 'లవ్‌లెస్' నాకు నచ్చింది గానీ, ఆ దారిలో తర్వాత ఏది వినాలో, ఏ క్రమంలో వినాలో చెప్పగలరా?

రెండోవైపు:

హడ్సన్‌గట్టు గారి ప్రశ్నకు వచ్చే ముందు కచేరీ గారికి ఒక ఆల్బమ్ బాకీ ఉన్నాను. గొంతును దాచినా మాటను దాచనిది ఒకటుంది, అది స్లింట్ బృందం 1991 మార్చిలో తెచ్చిన 'స్పైడర్‌ల్యాండ్'. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌కు చెందిన, ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న నలుగురు కుర్రాళ్లు చికాగో వెళ్లి నాలుగు రోజుల్లో రికార్డు చేశారు. ఆల్బమ్ బయటికి రాకముందే విడిపోయారు. ఆరు పాటలు. బ్రయన్ మెక్‌మహన్ వాటిలో చాలావరకు పాడడు, తనలో తాను చదువుకుంటున్నట్టు కథ చెబుతాడు. 'డాన్, అమాన్'లో డ్రమ్స్ అసలు లేవు. డ్రమ్మర్ బ్రిట్ వాల్ఫర్డే గొంతు ఇస్తాడు, ఒక విందులో ఎవరితోనూ కలవలేకపోయిన మనిషి గురించి. చెవి ఒగ్గితే ప్రతి మాటా తెలుస్తుంది. చివరి పాట 'గుడ్ మార్నింగ్, కెప్టెన్'లో అన్ని నిమిషాలూ అణచి ఉంచిన గొంతు ఆఖరున ఒక్కసారి కేకగా మారుతుంది. మొదటినుంచీ పెద్ద గొంతుతో పాడి ఉంటే ఆ కేకకు ఆ బలం వచ్చేది కాదు.

కచేరీ:

ఇది ఇప్పుడే విన్నాను. 'లవ్‌లెస్' మీద నా అభిప్రాయంలో మార్పు లేదు గానీ, 'స్పైడర్‌ల్యాండ్' విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. ఇక్కడ గొంతు తగ్గినది మాట కోసమే. 'డాన్, అమాన్'లో రెండు గిటార్లు ఆ మనిషి అడుగుల వెంట నడుస్తున్నట్టు ఉన్నాయి. ఇది నాకు హరికథలో వచనం చెప్పేచోటికి దగ్గరగా తోచింది, ఆ వరస మీద ఇంకేమైనా ఉంటే తెలియజేయండి.

స్నేర్‌డ్రమ్:

కచేరీ గారూ, లో బృందాన్ని వినండి. మిన్నెసోటాలోని డులూత్‌కు చెందిన అలన్ స్పార్‌హాక్, మిమీ పార్కర్ దంపతులు వాళ్లు. 1994 నాటి తొలి ఆల్బమ్ 'ఐ కుడ్ లివ్ ఇన్ హోప్'లో మిమీ రెండే డ్రమ్ములు, ఒక తాళం పెట్టుకుని, నిలబడి, బ్రష్‌లతో వాయిస్తుంది. ఇద్దరి గొంతులూ ముందే ఉంటాయి, ప్రతి మాటా వినబడుతుంది, వెనక్కి జరిగింది వాద్యమే. అక్కడి నుంచి నేరుగా 2018 నాటి 'డబుల్ నెగటివ్'కు వెళ్లండి. బీజే బర్టన్ అనే ప్రొడ్యూసర్‌తో కలిసి, అవే రెండు గొంతులను యంత్రాల గరగరలో ముంచి, కోసి, చిదిపేశారు. అయినా ఆ జంట స్వరం ఎక్కడో ఒకచోట పైకి తేలుతూనే ఉంటుంది. మిమీ 2022 నవంబరులో క్యాన్సర్‌తో మరణించింది. ఆ తర్వాత 2024లో అలన్ తెచ్చిన 'వైట్ రోజెస్, మై గాడ్'లో అతను తన గొంతును పోల్చుకోలేనంతగా యంత్రంతో మార్చేశాడు. ముప్పై ఏళ్లు భార్య గొంతుతో కలిపి పాడిన మనిషి తన గొంతును ఒంటరిగా వినిపించలేకపోయాడేమోనని నాకు అనిపించింది. చాలా కష్టపెట్టే ఆల్బమ్, కానీ తప్పక వినదగినది.

రెండోవైపు:

హడ్సన్‌గట్టు గారూ, మీరు స్లోడైవ్‌తో మొదలుపెట్టండి. 1993 నాటి 'సువ్లాకీ'లో గిటార్ల దట్టదనం 'లవ్‌లెస్'లో ఉన్నంత ఉండదు, నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గాస్‌వెల్ గొంతులు కాస్త తేటగానే ఉంటాయి. తొలి పాట 'అలిసన్' ఆ దారికి మంచి వాకిలి. బ్రయన్ ఈనో కూడా అందులో రెండు పాటలకు చెయ్యి వేశాడు. అప్పటి బ్రిటిష్ పత్రికలు దాన్ని నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడాయి, 1995లో 'పిగ్మేలియన్' వచ్చీ రాగానే కంపెనీ వాళ్లను వదిలించుకుంది. 2014లో మళ్లీ కలిసి, 2017లో బృందం పేరుతోనే ఒక ఆల్బమ్, 2023లో 'ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్' తెచ్చారు. రెండోదాన్ని 2020లో పోయిన రేచెల్ తల్లికీ, డ్రమ్మర్ సైమన్ స్కాట్ తండ్రికీ అంకితమిచ్చారు. 'సువ్లాకీ', తర్వాత ఆ 2017 ఆల్బమ్, తర్వాత 2023 నాటిది వినండి. 'పిగ్మేలియన్' చివరికి పెట్టుకోండి, ఎందుకంటే అందులో పాటలు దాదాపు ఎముకల దాకా వచ్చేస్తాయి, మిగతావి అలవాటయ్యాకే అది రుచిస్తుంది. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. బేస్ పోతే ఈ ఆల్బమ్‌లలో సగం పోయినట్టే, కనీసం ఒక మోస్తరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

లోలకం గారూ, 'జియా' ఈ రాత్రికి వింటాను. తెలుగులో గొంతును ఇలా వెనక్కి జరిపి చేసిన రికార్డింగు ఎవరి దృష్టికైనా వస్తే ఇక్కడే రాయండి, నేను అన్నిటికంటే ఎక్కువగా వెతుకుతున్నది దాని కోసమే.